‘స్టేషన్‌కి ర’: మెసేజ్ ఎక్కడ ఆగిందో చెప్పే అంకెలు

విజయనగరంలో రైలెక్కిన కూతురు ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో ఉన్న తండ్రికి ఇలా ఎస్ఎంఎస్ పెట్టిందనుకుందాం: ‘నాన్నా, రైలెక్కాను. రేపు పొద్దున్నే ఖరగ్‌పూర్ చేరతాను. స్టేషన్‌కి రావద్దు, ఆటోలో వచ్చేస్తాను.’

పొల్లులను విడిగా లెక్కేసినా మన కంటికి ఇవి 34 అక్షరాలు. ఫోను లెక్కలో మాత్రం 93. రైలెక్కాను అన్న మాటలో ‘క్కా’ మనకు ఒకటే అక్షరం. ఫోనుకు అది క, దాని పొల్లు, మళ్లీ క, ఆపైన దీర్ఘం, మొత్తం 4 గుర్తులు. ఖరగ్‌పూర్ అన్న ఊరి పేరు మనకు 5, ఫోనుకు 9. గ్ కింద ప వత్తు పడిపోకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. కనబడకపోయినా చోటు మాత్రం ఆక్రమిస్తుంది. ఒక్కో గుర్తుకు 2 బైట్ల చొప్పున 93 గుర్తులకు 186 బైట్లు. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లే. కాబట్టి ఫోను దాన్ని రెండు ముక్కలు చేస్తుంది, ఒక్కో ముక్కలో 67 గుర్తులకు మించకుండా.

వేలు పెట్టి లెక్కబెడితే 67వ గుర్తు ‘రావద్దు’లోని ర దగ్గర పడుతుంది. దాని దీర్ఘం 68వది, అది రెండో ముక్కలోకి పోతుంది. కొన్ని ఫోన్లు అక్షరం నడుమ విరగకుండా ఒక గుర్తు వెనక్కి జరిగి కోస్తాయి. అంకె మాత్రమే చూసే పాత ఫోను నిక్కచ్చిగా 67 దగ్గరే తెంచేస్తుంది. రెండో ముక్క దారిలో ఆగి, వచ్చిన ముక్కనే చూపించే ఫోను తండ్రి చేతిలో ఉంటే, ఆయనకు కనబడేది ‘స్టేషన్‌కి ర’. పాపం, పొద్దున్నే లేచి స్టేషన్‌కి బయల్దేరతాడు.

మెసేజ్ పోలేదు, రాలేదు, సగమే వచ్చింది, రెండు రోజులకు వచ్చింది: ఈ ఫిర్యాదులన్నిటికీ మనం చేసే వైద్యం ఒకటే, ఫోను ఆపి మళ్లీ వేయడం. కొన్నిసార్లు పని చేస్తుంది కూడా, ఎందుకో కింద చెబుతాను. కానీ ఎస్ఎంఎస్ ఎక్కడ ఆగినా దాదాపు ప్రతి చోటా ఒక అంకె వదిలిపెడుతుంది. ఆ అంకె చదవడం వస్తే తప్పు మన ఫోనుదా, మెసేజ్ కేంద్రానిదా, అవతలివాళ్లదా అన్నది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయకముందే తేలిపోతుంది.

140 ఎక్కడిది?

1985లో జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపురైటర్ ముందు కూచుని తోచిన వాక్యాలు కొట్టుకుంటూ అక్షరాలు లెక్కపెట్టారు. మామూలు మాటలు 160కి లోపే ముగుస్తున్నాయని తేల్చారు. జీఎస్ఎం ప్రమాణంలో ఎస్ఎంఎస్‌కు ఆ అంకే ఖాయమైంది. కాల్ కలపడానికి ఫోనూ టవరూ మాట్లాడుకునే సన్నని సంకేతాల దారిలోనే మెసేజ్ కూడా దూరాలి, అందుకే ఇంత పిసినారితనం. 1992 డిసెంబర్ 3న నీల్ పాప్‌వర్త్ కంప్యూటర్ నుంచి బ్రిటన్ వొడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపడంతో ఎస్ఎంఎస్ మొదలైంది.

140 బైట్లంటే 1,120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు, కాబట్టి 160 పడతాయి. తెలుగు గుర్తుకు 16 బిట్లు కావాలి, కాబట్టి 70. మెసేజ్ పొడవైతే ‘ఇది రెండింటిలో మొదటిది’ అని చెప్పే 6 బైట్ల చీటీ ప్రతి ముక్కకూ అంటించాలి. అప్పుడు ఇంగ్లిష్‌కు 153, తెలుగుకు 67 మిగులుతాయి. పై మెసేజే ఇంగ్లిష్ లిపిలో కొడితే తొంభై చిల్లర అక్షరాలతో ఒక్క ముక్కలో పోతుంది. మన పిల్లలు తెలుగును ఇంగ్లిష్ లిపిలో కొట్టడానికి బద్ధకం ఒక్కటే కారణమని తిట్టుకుంటాం. ఈ లెక్క వాళ్లకు తెలియకపోయినా వాళ్ల వేళ్లకు తెలుసు.

ఇంకో చిక్కు. మెసేజ్ అంతా ఇంగ్లిష్‌లోనే ఉన్నా అందులో ఒక్క తెలుగు అక్షరమో, ఒక్క ఇమోజీయో పడితే మొత్తం 70 లెక్కలోకి జారిపోతుంది. 2010లో వచ్చిన మన రూపాయి గుర్తు ₹ సైతం ఆ 7 బిట్ల మూల పట్టికలో లేదు. అద్దె బాకీ అడుగుతూ 150 అక్షరాల ఇంగ్లిష్ మెసేజ్‌లో ₹ పెడితే అది మూడు ముక్కలవుతుంది. ఆర్‌ఎస్ అని రెండక్షరాలు కొడితే ఒక్కటే.

దీనికి మందు ఎప్పుడో తయారైంది. ఎస్ఎంఎస్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ తుర్కీ భాషతో మొదలుపెట్టి, ఆ తర్వాత పది భారతీయ భాషలకు 7 బిట్ల పట్టికలు చేర్చింది. ఆ జాబితాలో తెలుగు అంకె 12. ఆ పట్టిక వాడితే చిన్న చీటీ పోను ఒక మెసేజ్‌లో 155 తెలుగు గుర్తులు పట్టాలి. అంటే కూతురి మెసేజ్ అంత పొడవున్నది ఒక్క ముక్కలో హాయిగా సర్దుకుంటుంది. పట్టిక కాగితం మీద ఉంది, మన చేతుల్లోని ఫోన్లు మాత్రం తెలుగు కొట్టగానే 16 బిట్లకే పోతున్నాయి. మరోవైపు, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఆ నిర్ణయానికి మూలం ఈ ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నాటి నుంచి ఇక్కడ వేళ్లూనుకున్న కుటుంబాలు. ప్రభుత్వం గుర్తించిన భాషను ఫోను ఇంకా ఖరీదైన భాషగానే చూస్తోంది.

ఖరీదు అన్నది ఊరికే అనలేదు. రోజుకు 100 ఎస్ఎంఎస్‌లు ఉచితం అని ప్యాక్ మీద రాసి ఉంటుంది. లెక్క ముక్కలకు. కూతురి మెసేజ్ ఒకటి పంపితే కోటాలో రెండు పోతాయి. వంద దాటాక సాధారణంగా లోకల్‌కు రూపాయి, ఎస్టీడీకి రూపాయిన్నర చొప్పున మెయిన్ బ్యాలెన్స్‌లోంచి కోస్తారు, ముక్కకు. బ్యాలెన్స్ సున్నా అయితే మెసేజ్ పోదు. ఈ 100 అన్నదానికీ ఓ చరిత్ర ఉంది. ప్రచార మెసేజ్‌ల బెడద తగ్గించడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2011 సెప్టెంబర్ 27 నుంచి సిమ్‌కు రోజుకు 100 అని గీత గీసింది, గోల లేచాక కొద్ది వారాల్లోనే 200 చేసింది. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు మామూలు మనుషుల మెసేజ్‌లకు ఆ గీత చెల్లదంది. దాంతో ట్రాయ్ వంద దాటిన ప్రతి మెసేజ్‌కూ కనీసం 50 పైసలు వసూలు చేయాలని తిప్పి రాసింది. 2020లో అదీ ఎత్తేసింది. గీతలన్నీ పోయాయి, ప్యాక్‌లలో వంద మాత్రం మిగిలింది.

పోలేదా, రాలేదా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. మెసేజ్ పక్కన ఎర్ర గుర్తు పడి ‘నాట్ సెంట్’ అంటే అది మన ఫోను నుంచి మెసేజ్ కేంద్రానికే చేరలేదు. గుర్తేమీ లేకుండా ‘సెంట్’ అని ఉండి అవతల అందకపోతే కేంద్రం దాకా పోయింది, అక్కడ కూచుంది. ఈ రెండిటికీ వైద్యాలు వేరు. ‘సెంట్’ అని పడ్డాక మన ఫోనును ఎన్నిసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు.

మొదటి రకంలో, ఆగిపోయిన మెసేజ్‌ను నొక్కిపట్టి వివరాలు తెరిస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎర్రర్ కోడ్ కనబడుతుంది. ఆ అంకె ఏ వరసలో ఉందన్నదే సగం సమాధానం. 0 నుంచి 127 దాకా అయితే నెట్‌వర్క్ చెప్పిన మాట. 128 నుంచి 255 దాకా అయితే మెసేజ్ కేంద్రం దగ్గరో, మెసేజ్‌ను విప్పే చోటో వచ్చిన తంటా. 300 నుంచి 511 దాకా అయితే మన చేతిలో ఉన్న ఫోనో, సిమ్మో, మోడెమో చెబుతున్నది. 512 పైన ఉన్నవి తయారీదారు సొంత అంకెలు, వాటికి అందరికీ ఒకే అర్థం ఉండదు.

నెట్‌వర్క్ వరసలో తరచూ తగిలేవి కొన్నే. 1 వస్తే ఆ నంబరు ఎవరికీ కేటాయించనిది, అంకె ఏదో తప్పు కొట్టాం. 8, 10 రెండూ అడ్డుకట్టలు: మొదటిది ఆపరేటర్ వేసింది, రెండోది కాల్ బారింగ్. 21 అంటే మెసేజ్‌ను తిరస్కరించారు. కారణం చెప్పకుండా తలుపు వేయడమన్నమాట, బ్యాలెన్సో ప్యాకో చూసుకోవడం దాని తర్వాత మొదటి పని. 28, 30 అంటే ఆ చందాదారు మాకు తెలియదని. కొత్త సిమ్ వేసిన తొలి గంటల్లో, నంబరు పోర్ట్ అవుతున్న సమయంలో ఇవి కనబడతాయి. 50 అంటే మన కనెక్షన్‌కు ఎస్ఎంఎస్ సేవే తెరవలేదు, ఇది కస్టమర్ కేర్ తప్ప ఇంకెవరూ సరిచేయలేనిది. 41 తాత్కాలికం, 42 రద్దీ. దసరా నాడు ఖరగ్‌పూర్ రావణ్ మైదాన్‌లో జనం మధ్య నిలబడి పంపితే 42 రావడంలో వింతేమీ లేదు, నాలుగడుగులు అవతలికి వెళ్లి పంపడమే మందు.

ఇక 38. నెట్‌వర్క్ పని చేయడం లేదని దాని అర్థం. కాల్స్ బాగానే వెళ్తూ మెసేజ్‌లకు మాత్రం ఇదే పదే పదే వస్తుంటే, టవర్‌ను తిట్టేముందు సిమ్‌లో రాసి ఉన్న కేంద్రం నంబరు చూడాలి.

ప్రతి సిమ్‌లోనూ మెసేజ్ కేంద్రం నంబరు ఒకటి రాసి ఉంటుంది. మనం ఎవరికి మెసేజ్ కొట్టినా ఫోను ముందు పంపేది ఆ నంబరుకే. అది చెరిగిపోతేనో ఒక అంకె మారితేనో బయటికి పోయే మెసేజ్‌లన్నీ ఆగిపోతాయి, లోపలికి వచ్చేవి మాత్రం మామూలుగానే వస్తాయి. ఈ లక్షణం కనబడితే రోగం దాదాపు తేలినట్టే. మోడెమ్ వాడే ఆఫీసుల్లో ఇదే తంటా 330 అన్న అంకెతో కనబడుతుంది. రీచార్జ్ కొట్ల దగ్గర వినబడే మాట ఈ మాదిరిగా ఉంటుంది:

‘ఒరే బాబూ, ఫోన్లొస్తన్నాయి, మెసేజీలొస్తన్నాయి, నేను పంపితే ఎల్లట్లేదేటి?’

‘బ్యాలెన్స్ ఉంది తాతా. సెంటర్ నంబరు ఎగిరిపోయినట్టుంది, ఇలా ఇవ్వండి.’

ఆ కుర్రాడు చేసేది మనమూ చేయొచ్చు. కీప్యాడ్ ఫోన్లలో మెసేజ్ సెట్టింగ్స్‌లోనే ‘మెసేజ్ సెంటర్’ అని ఉంటుంది. ఐఫోన్‌లో *#5005*7672# కొట్టి కాల్ బటన్ నొక్కితే నంబరు కనబడుతుంది. ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#* కొడితే తెరుచుకునే ఫోన్ సమాచారం పేజీలో కింద ఉంటుంది, కొన్ని కంపెనీలు ఈ పేజీని మూసేశాయి. నంబరు +91తో మొదలై, మధ్యలో ఖాళీలు లేకుండా ఉండాలి. సరైన నంబరు ఏదో మన ఆపరేటర్‌నే అడగాలి. ఇంటర్నెట్‌లో దొరికిన జాబితా చూసి వేరే సర్కిల్ నంబరు కొడితే ఉన్న రోగం ముదురుతుంది.

ఖరగ్‌పూర్‌లో సర్కిల్ మాట ముఖ్యం. దేశంలో టెలికాం సర్కిళ్లు 22. కోల్‌కతా ఒక సర్కిల్, మిగతా పశ్చిమ బెంగాల్ మరొకటి, ఖరగ్‌పూర్ రెండో దాంట్లో ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండయ్యాయి గానీ సర్కిల్ ఇప్పటికీ ఒకటే, ఆంధ్రప్రదేశ్. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒక బెంగాల్ సిమ్, ఒక ఏపీ సిమ్ ఉండడం మామూలే. పూరీ గేట్‌లో కూచుని ఏపీ సిమ్‌తో అదే ఊళ్లో నింపురాలో ఉన్న బావకు పంపినా మెసేజ్ ముందు ఏపీ సర్కిల్ కేంద్రానికి పోయి తిరిగి రావలసిందే. రెండు సిమ్‌ల ఫోనులో ఏ సిమ్ మీద పోతోందో చూడకుండా, బ్యాలెన్స్ లేని సిమ్ నుంచి పదే పదే పంపుతూ ఫోనును తప్పుపట్టేవాళ్లు కొల్లలు. కొన్ని చవక ప్యాక్‌లలో ఎస్ఎంఎస్ అసలే ఉండదు. అలాంటి ప్యాక్ మీద ఉన్నవాళ్లు నంబరు పోర్ట్ చేసుకోవడానికి 1900కు మెసేజ్ కూడా పంపలేకపోతున్నారని 2021 డిసెంబర్‌లో ట్రాయ్ కలగజేసుకుని, ఏ ప్యాక్ ఉన్నా ఆ ఒక్క మెసేజ్ పోనివ్వాలని ఆదేశించింది.

4జీ మాత్రమే ఉండి 2జీ లేని నెట్‌వర్క్‌లో ఇంకొక మెలిక. అక్కడ మెసేజ్ కూడా కాల్స్‌ను 4జీ మీద నడిపే వోల్టే దారిలోనే పోవాలి. సెట్టింగ్స్‌లో వోల్టే ఆపేసి ఉంటే సిగ్నల్ నిండుగా కనబడుతూనే మెసేజ్ కదలదు.

సెంట్ అన్నది, అందలేదు

కేంద్రం మెసేజ్ అందుకోగానే, ఈ నంబరు ఇప్పుడెక్కడుందని అవతలి ఆపరేటర్ రిజిస్టరును అడుగుతుంది. ఫలానా చోట ఉందంటే అక్కడికి తోస్తుంది. ఫోను ఆగి ఉందనో, అందుబాటులో లేదనో జవాబొస్తే, లైన్ క్లియర్ దొరకని గూడ్సును లూప్ లైనులో నిలబెట్టినట్టు మెసేజ్‌ను పక్కన పెడుతుంది. రిజిస్టరు కూడా ‘ఈ నంబరుకు మెసేజ్ కాచుకుని ఉంది’ అని రాసుకుంటుంది. ఫోను మళ్లీ నెట్‌వర్క్‌కు తగలగానే రిజిస్టరు కేంద్రానికి కబురు పెడుతుంది, మెసేజ్ కదులుతుంది. ఫోను ఆపి వేస్తేనో, ఒక పావు నిమిషం ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీస్తేనో మెసేజ్‌లు బిలబిలా రావడానికి ఇదే కారణం. అయితే ఆ పని చేయాల్సింది అందుకునేవాళ్లు.

ఎంతకాలం ఆపుతారన్నది మెసేజ్‌లోనే ఒక బైటులో రాసి ఉంటుంది. ఆ బైటు విలువ 0 అయితే 5 నిమిషాలు, 143 అయితే 12 గంటలు, 167 అయితే ఒక రోజు, 196 అయితే 30 రోజులు, 255 అయితే 63 వారాలు. ప్రమాణం ఏడాది దాటి అనుమతించినా ఆపరేటర్లు అంతకాలం తమ దగ్గర పెట్టుకోరు, గడువును తమకు వీలైనంతకు కుదించుకుంటారు. ఊరెళ్లి వారం తర్వాత ఫోను వేసిన మనిషికి కొన్ని మెసేజ్‌లు వచ్చి కొన్ని రాకపోవడం ఈ గడువుల తేడా వల్లనే.

ఫోను వేసే ఉంది, సిగ్నల్ ఉంది, అయినా అందలేదంటే అనుమానించాల్సింది 22 అన్న కోడ్‌ను. మెమరీ నిండిందని దాని అర్థం. రిటైరైన పెద్దవాళ్ల కీప్యాడ్ ఫోన్లలో ఇది ఎంత మామూలో చెప్పలేం. సిమ్‌లో పట్టే మెసేజ్‌లు పదుల్లోనే. లాటరీలు, లోన్లు, రీచార్జ్ ఆఫర్లు వచ్చి వచ్చి నిండిపోతాయి. ఆ తర్వాత పెన్షన్ పడిందన్న మెసేజ్ వస్తే ఫోనే ‘చోటు లేదు’ అని 22 పంపేస్తుంది. ఒక పది పాతవి చెరిపితే చాలు. చోటు ఖాళీ అయిందని ఫోను దానంతటదే నెట్‌వర్క్‌కు చెబుతుంది, ఆగినవి కదులుతాయి. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

పొడవాటి మెసేజ్‌లో ఒక ముక్క మాత్రమే ఇలా ఆగితే కొన్ని ఫోన్లు వచ్చిన ముక్కను చూపిస్తాయి, చాలా ఫోన్లు మిగతాది వచ్చేదాకా దేన్నీ చూపించవు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగులో కొడితే ఒక్కో మాటా ఒక్కో మెసేజ్‌గా, 70 గుర్తుల లోపు పంపమని నా సలహా. ‘స్టేషన్‌కి రావద్దు.’ అంతే, 19 గుర్తులు, ఎక్కడా విరగదు.

స్మార్ట్‌ఫోన్ల నడుమ ఇంకో రకం గల్లంతు ఉంది. మనం ఎస్ఎంఎస్ అనుకునేది నిజానికి ఎస్ఎంఎస్ కాదు. ఐఫోన్ల మధ్య ఐమెసేజ్, ఆండ్రాయిడ్‌లో ఆర్‌సీఎస్, రెండూ డేటా మీద పోతాయి. ఐఫోన్ వదిలేసి ఆండ్రాయిడ్‌కు మారిన మనిషికి మిగతా ఐఫోన్ల నుంచి పంపినవి ఐమెసేజ్‌గానే పోయి ఎక్కడా అందకుండా పోయేవి. ఆపిల్ 2014 నవంబర్‌లో ఆ నమోదును తీసేసుకునే పేజీ పెట్టింది. ఆర్‌సీఎస్ కూడా అంతే, అవతలివాళ్లు కీప్యాడ్ ఫోనుకు మారే ముందు పాత ఫోనులో దాన్ని ఆపేయాలి. ఆగిన మెసేజ్‌ను నొక్కిపట్టి, ఎస్ఎంఎస్‌గా పంపమనడం తక్షణ ఉపాయం.

ఓటీపీ సంగతి వేరు

మనిషి మనిషికి పంపే మెసేజ్ కన్నా బ్యాంకో రైల్వేనో పంపేది ఎక్కువ గడపలు దాటాలి. 2018లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార మెసేజ్ పంపే ప్రతి సంస్థా ముందుగా తన పేరు, మెసేజ్ పైన పంపినవాళ్ల పేరుగా కనబడే హెడ్డరు, మెసేజ్ నమూనా అన్నీ డీఎల్‌టీ అనే ఉమ్మడి ఖాతాలో నమోదు చేయాలి. సంస్థకొక 19 అంకెల గుర్తింపు, నమూనాకొక 19 అంకెల గుర్తింపు. పంపే ప్రతి మెసేజ్‌నూ నమూనాతో పోల్చి చూస్తారు. ఒక మాట తేడా వచ్చినా ఆపేస్తారు. నమూనాలో పేరు, మొత్తం లాంటివి నింపే ఒక్కో ఖాళీకీ అక్షరాల హద్దు ఉంటుంది. ఇంటిపేరు, సొంత పేరు, చివర ఇంకో పేరు కలిపి పొడవుగా రాసుకునే మనవాళ్ల పేర్లకు ఇది ఇరుకే.

ఈ పోలిక 2021 మార్చి 8న నిజంగా అమలు చేసేసరికి దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. నమూనాలు సరిగా నమోదు చేయని సంస్థల మెసేజ్‌లన్నీ గేటు దగ్గరే నిలిచాయి. మర్నాడే ట్రాయ్ వారం రోజులు వెసులుబాటు ఇచ్చింది. 2024 అక్టోబర్ 1 నుంచి ముందుగా నమోదు చేయని లింకు ఉన్న మెసేజ్ కూడా పోదు. మోసాలు తగ్గించడానికి ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ మెసేజ్ ఇలా ఆగినప్పుడు అందుకోవాల్సిన మనిషి ఫోనులో ఏ కోడూ కనబడదు. రాని మెసేజ్‌కు ఆనవాలే ఉండదు. బ్యాంకు పంపామంటుంది, ఆపరేటర్ మా దగ్గరికి రాలేదంటాడు.

మన వైపు నుంచి చూడగలిగినవి మూడు. సిమ్ ఈ మధ్యే మార్చారా? పోయిన సిమ్ బదులు తీసుకున్నా, ఈ-సిమ్‌గా మార్చినా టెలికాం శాఖ నిబంధన ప్రకారం 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు పోవు, రావు. దొంగ సిమ్ తీసి ఖాతా ఊడ్చేయకుండా వేసిన తాళమది, ఎవరిని బతిమాలినా తెరవరు. రెండు, డీఎన్‌డీ. అది ప్రచార మెసేజ్‌లను ఆపుతుంది, ఓటీపీలను ఆపదు, ఊరికే దాని మీద నెపం వేస్తారు. 2025 మే నుంచి హెడ్డరు చివర ప్రచారానికి పి, సేవలకు ఎస్, లావాదేవీలకు టి, ప్రభుత్వానికి జి అనే అక్షరం ఉంటోంది, దాన్ని చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. మెసేజ్ యాప్‌లోని స్పామ్ పెట్టె కూడా ఓసారి తెరిచి చూడాలి, అసలు మెసేజ్‌లు కొన్ని అందులోకి పోతుంటాయి.

మూడోది రైల్వే ఊరికి బాగా తగిలేది. 2025 జులై 1 నుంచి ఐఆర్‌సీటీసీలో తత్కాల్ టికెట్‌కు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి, ఆ నెల 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా. ఏసీ తరగతులకు పొద్దున 10 గంటలకు, స్లీపర్‌కు 11కు తెరుచుకునే బుకింగ్‌లో శ్రీకాకుళం రోడ్డుకో విశాఖకో బెర్తులు నిమిషాల్లో నిండిపోతాయి. ఆధార్ ఓటీపీ 10 నిమిషాలు చెల్లుతుంది గానీ బెర్తు అంతసేపు ఆగదు. ఓటీపీ రాలేదని నెట్‌వర్క్‌ను తిడుతున్న చాలామంది ఇళ్లలో జరిగింది వేరు. ఆధార్ తీసుకున్ననాడు ఊళ్లో అన్నయ్య నంబరు ఇచ్చారు, లేదా అప్పటి ఏపీ సిమ్ నంబరు ఇచ్చారు, ఆ సిమ్ ఇప్పుడు రీచార్జ్ లేక బీరువాలో ఉంది. ఓటీపీ పోవాల్సిన చోటికే పోతోంది. ఆధార్ సంస్థ సైటులో నంబరు సరిచూస్తే, జతైన మొబైల్ చివరి మూడు అంకెలు చూపిస్తుంది. పండగ టికెట్ల రోజు పొద్దున కాకుండా ముందే చూసుకోవడం మంచిది.

బీరువాలో సిమ్‌కు ఇంకో గండం. 90 రోజులు వాడకం లేకుండా, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకుండా ఉంటే నంబరు రద్దు చేయొచ్చు. రద్దయ్యాక ఇంకో 90 రోజులు ఆగి మరొకరికి ఇచ్చేస్తారు. ఆ తర్వాత మన బ్యాంకు ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోనులో మోగుతుంటాయి. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి నంబరును ఖాళీగా వదిలేసినా ఇదే గతి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన మార్గదర్శకాలు ఎస్ఎంఎస్ ఓటీపీతో పాటు వేలిముద్ర, యాప్‌లో పుట్టే కోడు లాంటి దారులకూ చోటిచ్చాయి. బ్యాంకులు ఎంత త్వరగా మారతాయో చూడాలి. కీప్యాడ్ ఫోను ఉన్న తాతకు మాత్రం ఎస్ఎంఎస్సే దిక్కు.

అరుదుగా, తప్పు ఎవరి ఫోనులోనూ ఉండదు. 2010 సెప్టెంబర్‌లో అయోధ్య తీర్పు ముందు కేంద్ర ప్రభుత్వం మూకుమ్మడి మెసేజ్‌లను నిలిపేసింది. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాల వాళ్లు వదంతులతో బెంగళూరు వదిలి రైళ్లెక్కినప్పుడు ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసి, తర్వాత 20కి సడలించింది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే సిమ్ తీసి ఇంకో ఫోనులో వేసి పంపి చూడండి. అక్కడ పోతే తప్పు మన ఫోనుది, అక్కడా అదే కోడ్ వస్తే సిమ్‌దో నెట్‌వర్క్‌దో. అప్పుడు 198కి ఫోన్ చేయాలి, ఉచితం. మెసేజ్ పోవడం లేదని మాత్రం చెప్పి ఊరుకోకుండా తేదీ, సమయం, ఏ నంబరుకు, ఏ కోడ్ వచ్చింది, రెండో ఫోనులో ఏమైంది అన్నవి వరసగా చెబితే అవతలివాళ్లు ఫోను ఆపి వేయమనే పాఠం దగ్గర ఆగరు. వాళ్లు ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయొచ్చు, 39 రోజుల్లో తేల్చాలన్నది నిబంధన. డాకెట్ నంబరును ఎస్ఎంఎస్‌లో పంపుతామంటారు. ఫోన్లో చెప్పించుకుని అప్పుడే కాగితం మీద రాసుకోండి.